అక్కయ్య చేసిన పని

మొన్న ఫోన్లో మాట్లాడుతుంటే బుజ్జి ఉన్నట్టుండి, "అమ్మమ్మా, నీ వెనకాల ఎవరో ఊడుస్తున్నారు, ఎవరు?" అని అడిగింది. "పక్కింటి కోడలు, ఇంకెవరు," అన్నాను. పొద్దున్నే గోడ అవతల ఈనెల చీపురుతో వాకిలి ఊడుస్తుంది. మనిషి కనిపించదు, చప్పుడొక్కటే వస్తుంది. ఫోన్ పెట్టేశాక కూడా నేను దాన్ని వింటూ కూర్చున్నాను. కనిపించని చీపురు చప్పుడు వింటే ఇప్పటికీ నా చేతుల మీద రోమాలు లేస్తాయి. ఎందుకో చెప్పాలంటే, మీరెప్పుడూ చూడని సుభద్ర గారి గురించి చెప్పాలి.

మీ అమ్మ హైస్కూల్లో చదివే రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, నేను కొన్నాళ్లు ఒక సర్వేలో పనిచేశాను. ఆడవాళ్లు రోజంతా ఏమేం పనులు చేస్తారు, వాటిలో కూలి వచ్చేదెంత, రానిదెంత అని ఇళ్లకు వెళ్లి, కూర్చుని, చూసి రాయడం. సుభద్ర గారు మా సూపర్‌వైజర్. కాకినాడ మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. మొదటిరోజు నరసాపురం దగ్గర ఒక ఊళ్లో, అరుగు మీద కూర్చుని లేసు అల్లుతున్న ఒకావిణ్ణి, "మీరేం పని చేస్తారండీ?" అని అడిగాను. "నాకు పనేముందండీ, ఖాళీయే," అంది ఆవిడ సూది ఆపకుండా. నేను కలం తీసేలోపు సుభద్ర గారు ఆవిడ పక్కన చతికిలబడ్డారు. "లేవగానే నీ చెయ్యి మొదట దేని మీద పడిందమ్మా?" "చీపురు మీదండి." "ఆ తర్వాత?" "పేడ మీదండి," అని ఆవిడ ఫక్కున నవ్వింది. అలా చెయ్యి వెంటే నడిపించుకుంటూ రాత్రి దాకా తీసుకెళ్లారు. చివరికి ఆవిడే నోటి మీద చెయ్యేసుకుని, "అమ్మ బాబోయ్, ఇంత చేత్తన్నానేంటండీ నేను!" అంది. దారిలో సుభద్ర గారు నాతో, "పనేంటని అడిగితే ఎవరూ చెప్పరు, కామేశ్వరీ. చెయ్యి ఎటు వెళ్లిందో అడుగు," అన్నారు.

ఆ ఊళ్లోనే కాలవ గట్టున వీరమ్మ గారిల్లు. సాయంత్రం దాటితే బస్సు ఉండదని వాళ్ల వసారాలో మాకు చోటిచ్చారు. ఇంట్లో ఉండేది వీరమ్మ గారు, ఆవిడ కొడుకు సూర్రావు, కోడలు నాగమణి. నాగమణి రెండో భార్య. మొదటి భార్య రత్నం జ్వరమొచ్చి పోయింది. అలాంటి ఇంటికి వచ్చిన పిల్ల, పోయినావిడ పేరున ఒక వెండి బిళ్ళ మెళ్లో వేసుకుంటుంది, కొత్త చీరైనా ముందు ఆవిడ పటం దగ్గర పెట్టి కట్టుకుంటుంది. ఇది చాలా ఇళ్లలో ఉన్నదే. ఆ ఇంట్లో ఇంకాస్త ఎక్కువ. ఏ పని ముట్టుకునే ముందైనా నాగమణి ఆ బిళ్ళ కళ్లకద్దుకుని, "అక్కా, నువ్వే చెయ్యి," అనాలి. పోయినావిడ ఇంటి మీద అలగకుండా పెళ్లినాడే అత్తగారు నేర్పిన మాట అది.

తెల్లవారుతుండగా చీపురు చప్పుడుకి నాకు మెలకువ వచ్చింది. బయటికి వెళ్లేసరికి వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి ఉంది. మనిషి జాడ లేదు. గోడకి ఆనించిన చీపురు నేను చూస్తుండగానే మెల్లగా పక్కకి జారింది. కాసేపటికి నాగమణి కాలవ నుంచి బిందెతో వచ్చింది. "నువ్వే ఊడ్చావా అమ్మా?" అన్నాను. "కాదండి, అక్కయ్య." ఆ మాటలో భయం లేదు, వేళాకోళమూ లేదు. గేదె పాలు ఎవరు పితికారంటే అక్కయ్య. పొయ్యి ముందు కూర్చుని, పొగకి కళ్లు తుడుచుకుంటూ అన్నం వారుస్తూనే, వండేది అక్కయ్య అంది. సుభద్ర గారు ఆ పిల్ల అరచెయ్యి తన చేతిలోకి తీసుకుని వెల్లకిలా తిప్పారు. "మరి ఈ కాయలు ఎవరివమ్మా?" నాగమణి తన చేతినే వేరేవాళ్ల చెయ్యి చూసినట్టు చాలాసేపు చూసింది. "ఏమోనండి," అంది.

వీరమ్మ గారు గుమ్మంలోంచి అందుకున్నారు. "విన్నారుగా? పనంతా మా రత్నమే చేసుకుంటదండి. బంగారం లాంటి పిల్ల, పోయినా ఇల్లు వదల్లేదు. ఇది ఊరికే తిని కూచుంటది. రేపు దీని అన్న వత్తాడు, తీసుకుపోతాడు. మళ్లీ పంపక్కర్లేదని చెప్పేసాం." సూర్రావు తలొంచుకుని పొలానికి వెళ్లిపోయాడు. తర్వాత పెరట్లో నాగమణి నాతో, "మా వదిన గడప తొక్కనివ్వదండి. నాకింకో చోటు లేదు," అంది. అంటూనే బిళ్ళ కళ్లకద్దుకుని గిన్నెల ముందు కూర్చుంది.

ఆ మధ్యాహ్నం సుభద్ర గారు వీరమ్మ గారి దగ్గరకు వెళ్లి కూర్చున్నారు. "మాకో చిక్కు వచ్చిందండి. రత్నం గారి పని వేరుగా, నాగమణి పని వేరుగా రాయాలి. రేపు ఒక్కరోజు నాగమణి చేతులు కట్టుకుని కూర్చుంటుంది. రత్నం గారు చేసుకుంటారు. మేం చూసి రాసుకుంటాం." వీరమ్మ గారు పటం వైపు చూశారు. వద్దంటే రత్నం మీద నమ్మకం లేనట్టే కదా. "ఆయ్, చూసుకోండి. మా రత్నం చెయ్యదనుకున్నారా ఏంటి?" అన్నారు.

మర్నాడు తెల్లవారింది. చీపురు చప్పుడు లేదు. నాగమణి బిళ్ళ తీసి పటం ముందు పెట్టి, వసారాలో చాప మీద కూర్చుంది. ఎండ వాకిట్లోకొచ్చి రాలిన ఆకుల మీద నిలబడింది. పొయ్యిలో నిన్నటి బూడిద. గేదె అరుస్తోంది. సూర్రావు పొలం నుంచి వచ్చి ఖాళీ కుండ మూత తీసి, మళ్లీ పెట్టేసి, గుంజకి ఆనుకున్నాడు. నాగమణి ఒళ్లో చేతులు మాత్రం కుదురుగా లేవు. రోజూ అల్లే అలవాటుకి వేళ్లు దారం లేకుండానే లేసు అల్లుతున్నాయి. తను వాటిని చూడటం లేదు.

"రత్నం, లేవే అమ్మా. పొద్దెక్కింది," అన్నారు వీరమ్మ గారు పటంతో, మొదట మామూలుగానే. కాసేపాగి, "గేదె అరుత్తంది, వినపడ్డం లేదా?" అన్నారు. ఆ మాటకి గేదె చప్పున అరుపు ఆపింది. ఖాళీ వాకిలి వైపు తల తిప్పి, ఎవరో దగ్గరికి వస్తుంటే చూసినట్టు చెవులు నిక్కించి నిలబడింది. మేమందరం అటే చూశాం. సుభద్ర గారు కూడా. ఆకు కదల్లేదు. అలా ఎంతసేపో నాకు తెలీదు. గేదె మళ్లీ అరిచింది.

అప్పుడు వీరమ్మ గారు కూలబడి ఏడ్చారు. "ఎల్లిపోయిందిరా, సూర్రావూ! మన రత్నం ఎల్లిపోయిందిరా!" ఆ ఏడుపు ఆ రోజే చావు జరిగిన ఇంట్లో ఏడుపులా ఉంది. ఆవిడ కోడల్ని సాధించడానికి ఆ మాట పట్టుకున్నారని అప్పటిదాకా నేననుకున్నాను. కాదు. ఊడ్చిన వాకిలి చూసుకుని, ఉడికిన అన్నం చూసుకుని ఆవిడ రత్నాన్ని ఇన్నాళ్లూ బతికించుకున్నారు. ఇది సుభద్ర గారూ అనుకోలేదు.

నాగమణి లేచింది. బిళ్ళ తీసుకోలేదు, మెళ్లో తడుముకోనూ లేదు. పొయ్యి వెలిగించింది, గేదెకి గడ్డి వేసింది, అన్నం వండి కంచం తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. వీరమ్మ గారు ముఖమెత్తి, పెళ్లయ్యాక మొదటిసారి చూస్తున్నట్టు, "ఎవరే నువ్వు?" అన్నారు. "నాగమణినండి, అత్తయ్యా." ఆవిడ ముద్ద కలిపారు. సాయంత్రం అన్న వచ్చి వాకిట్లో నిలబడితే, "ఏం బాబూ, చెల్లెల్ని చూట్టానికొచ్చావా? కాళ్లు కడుక్కో, భోంచేసి ఎల్దువుగాని," అన్నారు.

మర్నాడు పొద్దున్నే మేం బయల్దేరాక నాగమణి గట్టు దాకా పరిగెత్తుకుంటూ వచ్చింది. దణ్ణం పెడుతుందేమో అనుకున్నాను. సుభద్ర గారి కళ్లలోకి చూస్తూ ఒక మాట అడిగింది. సుభద్ర గారు ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, నడక సాగించారు. తర్వాత ఆవిడకి బదిలీ అయింది, కొన్నేళ్లకి పోయారని తెలిసింది.

ఆవిడ నేర్పినది మాత్రం నన్ను వదల్లేదు. ఎవరింట్లో నాకు కాఫీ ఇచ్చినా, శుభ్రమైన పక్క చూపించినా, దాని వెనకున్న చెయ్యి ఎవరిదా అని వెతుక్కుంటాను, కనుక్కుని పేరు పెట్టి పలకరిస్తాను. మీ అమ్మ నన్ను ఇందుకే వేళాకోళం చేస్తుంది. కానీ లెక్క సరిచేసి వచ్చిన ప్రతి ఇంటి నుంచీ ఏదో ఒకటి లేచి వెళ్లిపోయి ఉంటుందని కూడా నాకు ఆ గట్టు మీదే తెలిసింది. నాగమణి సుభద్ర గారిని అడిగిన మాట ఇదీ:

"పనంతా నాదేనన్నారు కదండీ. మరి ఇన్నాళ్లూ నా పక్కనే ఉన్న అక్కయ్య, ఇప్పుడు ఏం చేసుకుంటూ ఉంటుందండి?"