పదికి ఏడు

నాకు ఖాయంగా తెలిసినవి ముందు చెబుతాను. ఆ మధ్యాహ్నం మా తమ్ముడు మగ్గం మీది పడుగు దారాలను బ్లేడుతో అడ్డంగా కోశాడు. ఆపబోయిన నాన్నను, అడ్డదారం నడిపే నాడెతో ముఖం మీద కొట్టాడు. నాన్న కుడి కన్ను పోయింది. మొదటి రెండూ నా కళ్లతో చూశాను. మూడోది డాక్టరు కాగితం మీద ఉంది.

తక్కినవి విన్నవి. వాడు నవ్వుతూ కొట్టాడని ఎదురింటివాళ్లు అంటారు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను, వాడు నవ్వలేదు. గాలి సోకిందని పిన్ని అంటుంది. వాడు తాగిన గంజాయిలో ఎవరో ఇంకేదో కలిపారని అమ్మ అంటుంది. ఈ చివరి మాటను మాత్రం నేను అవునననూ లేను, కాదననూ లేను.

నేను విజయవాడలో డిగ్రీ పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతాను, భవానీపురంలో ఉంటాను. పుట్టిల్లు కూచిపూడి దాటాక, కాలవ పక్కన, నేతపనివాళ్ల వీధిలో. ముందు గదంతా మగ్గమే. ముప్పై ఏళ్ల తమ్ముడు నాన్నతో పాటే నేసేవాడు. కిందటి వానాకాలంలో వాడు మగ్గం దిగి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిలిస్తే పలికేవాడు కాదు. నేనే తీసుకొచ్చి మానసిక వైద్యుడికి చూపించాను. డిప్రెషన్ అన్నారు. మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందనీ, తమతో చెప్పకుండా మానవద్దనీ అన్నారు.

వాడికి ఒక నోటుపుస్తకం కొనిచ్చి, మనసు ఎలా ఉందో రోజూ పదికి ఇంతని అంకె వేయమన్నాను.

"మార్కులా అక్కా? చిన్నప్పుడూ నువ్వే వేసేదానివిగా," అన్నాడు.

మొదట్లో రెండు, రెండు, ఒకటి. మూడో వారంలో ఆరు. ఆ తర్వాత రోజూ ఏడే. పేజీ ఫొటో తీసి ఫోనుకు పంపేవాడు. మందు పట్టిందనుకున్నాను.

ఆ ఏడు ఎక్కడి నుంచి వచ్చిందో ఒకరోజు ఫోనులో వాడే చెప్పాడు.

"మాత్రలు కాదక్కా, గంజాయి. రెండు దమ్ములు లాగితే గుండెల మీది రాయి పక్కకి జరుగుతుంది."

"మాత్రలు వేసుకుంటున్నావా లేదా?"

"ఆఁ, వేసుకుంటన్నా."

"ఆ గంజాయి మానెయ్."

"ఎందుకు మానాలి? సాక్ష్యం లేందే నువ్వు దేవుణ్ణి కూడా నమ్మవుగా. నీ పుస్తకమే సాక్ష్యం, చూసుకో."

వెంటనే డాక్టరుకు ఫోను చేయవలసినదాన్ని, వచ్చే ఆదివారం వచ్చి మాట్లాడతానన్నాను. కొలతను నమ్మే ముందు కొలిచే పరికరాన్ని పరీక్షించాలని మొదటి ఏడాది పిల్లలకు చెప్పే మనిషిని నేను. ఇక్కడ పరికరం వాడి మనసు. దానికి పొగ పట్టి ఉంది. ఆ ఏడు అంకెను నేను తొమ్మిది రోజులు నమ్మాను.

ఆదివారం వెళ్లేసరికి ఇంట్లో మగ్గం చప్పుడు లేదు. వాడు మూడు రోజులుగా కన్ను మూయలేదని అమ్మ గుమ్మంలోనే చెప్పింది. లోపల వాడు మగ్గం ముందు కూర్చుని దారాలకు చెవి ఆనించి వింటున్నాడు.

"నాన్న వీటితో నా గురించి చెప్పిస్తన్నాడక్కా," అన్నాడు, మామూలు గొంతుతోనే.

తర్వాత కోయడం మొదలుపెట్టాడు. బిగిసి ఉన్న పడుగు తెగితే పెద్ద చప్పుడు రాదు, గడ్డి పీకినట్టుంటుంది. నాన్న పరుగున వచ్చి వాడి మణికట్టు పట్టుకున్నాడు. వాడు రెండో చేత్తో నాడె అందుకున్నాడు. నాడెకు రెండు కొసలా ఇనుప మొనలుంటాయి. ఒక్కటే దెబ్బ. నాన్న కంటి మీద చెయ్యి పెట్టుకుని మోకాళ్ల మీద కూలబడ్డాడు, వేళ్ల సందుల్లోంచి నెత్తురు తెల్లనూలు మీదికి కారింది. వాడు మళ్లీ చెయ్యెత్తాడు. నేను ఆ చేతికి వేలాడాను. నా ముంజేతిని ఎముక తగిలేదాకా కొరికి, నన్ను మగ్గం గుంజకేసి కొట్టాడు. నా భుజం జారింది.

అప్పుడు వీధి లోపలికి వచ్చింది. జుట్టు పట్టి వాణ్ణి బయటికి ఈడ్చారు. ఒకాయన గుండెల మీద కూర్చున్నాడు. ఇంకొకాయన తడితాడుతో బాదాడు, గాలి దిగాలని. తన్నులకు ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

"వాడికి జబ్బండీ, కొట్టకండి," అన్నాను.

"ప్రొఫెసరమ్మా, నువ్వు లోపలికెళ్లు. ఇది మీ పుస్తకాల్లో ఉండేది కాదు," అన్నాడు తాడు పట్టుకున్నాయన.

నాన్నకు తగిలింది ఒక దెబ్బ. తమ్ముడికి తగిలినవి నేను లెక్కపెట్టలేకపోయాను. పక్కటెముకలు రెండు విరిగాయి, దవడ పక్కకు పోయింది. వాడు కోసిన పడుగునే పేని వాడి చేతులు కట్టారు. ఒకే కారులో, ముందు సీట్లో నాన్న, వెనక వాడు, విజయవాడ చేరాము.

మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలో మాత్రల అట్టలు దొరికాయి. రెండో వారం నుంచి ఒక్కటీ విప్పలేదు. వాడి మూత్రపరీక్షలో గంజాయి తేలింది. వాడాడని మాత్రమే ఆ పరీక్ష చెబుతుంది, ఏం చేయించిందో చెప్పదు.

"గంజాయి డిప్రెషన్ని తగ్గించదండీ," అన్నారు డాక్టరు. "కాసేపు కనబడనివ్వదు, అంతే. కొందరికి మతి తప్పిస్తుంది. మీవాడు దాన్ని నమ్ముకుని మందు కూడా ఆపేశాడు."

ఇప్పుడు తమ్ముడు నా దగ్గరే ఉంటున్నాడు. నా ఎదురుగా మాత్ర మింగి, నోరు తెరిచి చూపిస్తాడు. నాడె ఎత్తడం వాడికి గుర్తు లేదు. నేను ఊరికి వెళ్లి వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతాడు: "నాన్న రమ్మన్నాడా?"

నాన్న ఒంటికన్నుతో తెగిన పోగులు ముడివేసుకుంటూ కిందటి వారం నన్ను అడిగాడు.

"అమ్మాయ్, చదువుకున్నదానివి. నన్ను కొట్టింది వాడా, ఆ గంజాయా? అది తేల్చి చెప్పు. అప్పుడు గడప తొక్కనిస్తాను."

గంజాయే అంటే తమ్ముడు మరునాడే ఇంటికి వెళ్లేవాడు.

"నాకు తెలియదు నాన్నా," అన్నాను.

"ఇంత చదివీనా?" అని నాన్న మళ్లీ దారం అందుకున్నాడు.

ఆ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు. వాడు మందు మానిందీ గంజాయి మొదలుపెట్టిందీ ఒకే వారం, అడుగున అసలు జబ్బు ఎలాగూ ఉంది. వీటిలో ఏది ఆ చేతిని ఎత్తించిందో విడదీసే పద్ధతి నాకు తెలియదు. గంజాయిలో ఇంకేదైనా కలిసిందా అన్నది మాత్రం పరీక్షిస్తే తేలిపోయేది. కానీ మేము కారెక్కగానే, మిగిలిన పొట్లాన్ని అమ్మ కాలవలో పారేసింది.