నా కోసమే వేసిన తాళం

ఉదయగిరి కొండమీద ఒక్క రాత్రి గడపాలని మా నాయన కోరిక. చిన్నతనంలో అక్కడ మేకలు మేపాడట. ఇప్పుడు ఉబ్బసం మనిషి. చలిగాలి సోకితే ఊపిరాడదు. పైన యాత్రికులకని కట్టిన రాతిగది ఉందనీ, ముందుగా కబురు పెడితే ఊడ్చి ఉంచుతారనీ విని ధైర్యం చేశాను. స్వరాజ్యం వచ్చిన మరుసటి యేడు, కార్తీకమాసం.

మా వైపు కబుర్లన్నీ బస్సు కండక్టర్ల నోటనే నడుస్తాయి. వారం ముందే ఆత్మకూరులో కండక్టరును పట్టుకొని, "అయివారు వాళ్ల నాయనను తీసుకొని శనివారం వస్తాడని కొండమీది కావలి మనిషికి చెప్పు" అన్నాను. బడిపంతుల్ని కనుక అందరికీ అయివారినే.

"నేను చూసుకుంటాలే సార్" అన్నాడు.

శనివారం ఉదయం ఏడింటికి, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సెక్కాం. ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి నడవాల్సిందే. పక్కనున్న శెట్టిగారు మా సంగతి విని, "ఇంట్లో మంచం లేదా ఏంది అయివారూ?" అని నవ్వాడు. మధ్యాహ్నం ఉదయగిరిలో పూటకూళ్లమ్మ ఇంట భోంచేశాం. కొండెక్కేవారు తిండి కిందనే మూట కట్టుకోవాలి. పైన ఏమీ దొరకదు.

నాయన కూర్చుంటూ, లేస్తూ ఎక్కాడు. పొద్దు వాలేసరికి గది చేరాం. మబ్బు కమ్ముకొస్తోంది. తలుపుమీద 'యాత్రికుల కొరకు' అని రాసి ఉంది, తలుపుకు తాళం ఉంది. కిటికీలోంచి చూస్తే మంచం, ఉతికిన దుప్పటి, కుండనిండా నీళ్లు.

"గది లేదు సామీ" అన్నాడు కావలి మనిషి. "నెల్లూరు నించి దొర వస్తా ఉండాడు. కండక్టరు చెప్పినాడు."

"ఎవరయ్యా ఆ దొర?"

"పేరు తెలీదు. వాళ్ల నాయనను తీసుకొని వస్తాడంట."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ వచ్చేవాణ్ణి నేనేనయ్యా! ఈయనే మా నాయన!"

వాడు నా మాసిన పంచెనూ నెత్తిమీది మూటనూ ఎగాదిగా చూశాడు. "దొర మూట మోసుకొని వస్తాడా? తీస్తే నా పని ఊడతాది."

బతిమాలాను, అరిచాను. తాళంచెవి వాడి మొలతాడు దాటి రాలేదు. వాన మొదలైంది. నాయన వసారాలోనే ముడుచుకొని పడుకున్నాడు. పాపం, కావలి మనిషి తన కంబళి తెచ్చి కప్పాడు, తెల్లవార్లూ నెగడు ఆరకుండా చూశాడు. మంచివాడే. నాకు మరీ మంట పుట్టించింది అదే. తెల్లదొరలు ఓడెక్కి పోయారు సరే, వాళ్ల కోసం పరిచిన పక్క ఎత్తేవాడేడీ?

తెల్లారి నాయనను దాదాపు మోసుకొని దించాను. ఉదయగిరిలో డాక్టరు సూది వేశాక గాని తేరుకోలేదు.

తిరుగు బస్సులో అదే కండక్టరు. ఎడాపెడా కడిగేశాను.

"దొర అనకపోతే వాడు చీపురు పట్టడు సార్! మీ మంచికే అన్నాను. ఈసారి కలెక్టరని చెప్తాను, చూడండి!"

ఇక చదివేవారికి నా మాట: కొండ ఎక్కండి, చూడదగ్గదే. ఆ గదిని నమ్ముకొని మాత్రం ముసలివాళ్లను తీసుకుపోకండి.

కండక్టరు మాట విని, అంతవరకు బస్సు కిటికీకి ఆనుకొని ఉన్న నాయన కళ్లు తెరిచాడు. "కలెక్టరు వద్దురా అబ్బాయ్. ఊపిరాడని ముసలోడొకడు వస్తా ఉండాడని చెప్పు, చాలు."

కండక్టరు ఆశ్చర్యంగా చూశాడు. "దానికి తలుపెవరు తీస్తారు తాతా?"