చెయ్యెత్తని కరుణమ్మ గారు

కొత్త వార్నిష్ వాసన నాకు పడదు. పోయిన నెల కంకిపాడులో మా గుడి వార్షికోత్సవానికి వెళితే గుమ్మంలోనే ఆ వాసన కొట్టింది. గోడకు కరుణమ్మ గారి ఫోటో, దానికి అప్పుడే మెరుగు పెట్టిన టేకు చట్రం. ఆవిడ మా సంఘంలో బైబిలు స్త్రీ. ఇల్లిల్లూ తిరిగి చదువురాని ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించడం ఆవిడ ఉద్యోగం. నలుగురు పెద్దలు లేచి ఆవిడ గురించి మాట్లాడారు. నలుగురూ ఒకే మాట అన్నారు: "ఆరోగ్యం సహకరించక, తమంతట తామే సేవ నుంచి తప్పుకున్నారు." ఆ మాట నాలుగోసారి విన్నాక లేచి బయటికొచ్చేశాను. ఆవిణ్ణి ఎన్నడూ చూడనివాళ్ళ కోసం, జరిగిందేమిటో రాస్తున్నాను.

డెబ్బైల్లో నేను అక్కడి రైసుమిల్లులో కాటా గుమాస్తాని. బడి చదువు మధ్యలో ఆగిపోతే, పాత పుస్తకాలు ముందేసుకుని లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ఏదైనా కూడి చూసి, సరిపోతేనే నమ్మే అలవాటు అలా వచ్చింది. ఆ రోజుల్లో ఒక వారపత్రికలో ఓ నవల సీరియల్‌గా వచ్చింది. ఎడారి తవ్వకాల్లో ఒక మట్టికుండ దొరుకుతుంది. అందులో ఒక శిష్యుడు రాసిన తోలుచుట్ట. ఏసు సమాధి నుంచి లేవలేదు, మేమే కల్పించాం అని దాని సారాంశం. పుస్తకంగా వచ్చాక గవర్నర్‌పేట అద్దె పుస్తకాల షాపులో దానికోసం వంతు కాయాల్సి వచ్చేది. కుండ కట్టుకథని నాకూ తెలుసు. కానీ కథలో ప్రొఫెసరు, ఏసు కథను నలుగురు రాసిన నాలుగు సువార్తలూ పక్కపక్కన పెట్టి అడుగుతాడు: సమాధి దగ్గరికి వెళ్ళిన స్త్రీలు ఎందరు? అక్కడ కనిపించిన దూతలు ఎందరు? నేను బైబిలు తీసి చూశాను. నిజమే, ఒకచోట ఉన్న లెక్క ఇంకోచోట లేదు. ఆ తర్వాత చాలా రోజులు ప్రార్థన నోటికి రాలేదు. పాస్టరు గారిని అడిగితే, "ఆ చెత్త నిన్నెవడు చదవమన్నాడ్రా? సైతాను నెత్తికెక్కి కూర్చున్నాడు" అని పంపించేశారు.

కరుణమ్మ గారు మాత్రం చెయ్యి చాపారు. "ఏదీ, ఆ పుస్తకం ఇటియ్యి."

"మీరు చదవొచ్చాండీ?"

"చదవకుండా తిట్టాలంటే సిగ్గేస్తుంది నాయనా."

తిరిగి ఇచ్చేటప్పుడు, "కథ బాగానే నడిపాడు. ఆ ప్రొఫెసరు కూతుర్ని చివర్లో ఎందుకు చంపాడో గానీ, పాపం" అని నవ్వారు. నేను నవ్వే స్థితిలో లేను. దూతల లెక్క అడిగాను. ఆవిడ తప్పించుకోలేదు.

"కలవవు. రోజూ చదివేదాన్ని, నాకు తెలీదా? సరే, మీ మిల్లులో బస్తాలు తడిశాయనుకో. ముఠా కూలీలు నలుగుర్నీ విడివిడిగా పిలిచి అడిగావు. నలుగురూ పొల్లు పోకుండా ఒకే మాట చెప్పారు. ఏమనుకుంటావు?"

"ముందే కూడబలుక్కున్నారనుకుంటానండీ."

"తలా ఓ రకంగా చెప్పి, తడిసిన మాట మాత్రం అందరూ చెబితే?"

"తడిశాయనే అనుకుంటాను."

"అదీ సంగతి. కానీ ఒకటి విను. వాళ్ళు కూడబలుక్కోలేదని నీకు చూపించగలను. ఆయన లేచాడని లెక్క కట్టి చూపించలేను. అది నేను నమ్ముతున్నాను. నమ్మకాన్ని లెక్క అని చెప్పి నీకు అంటగట్టను."

నన్ను గుళ్ళో నిలబెట్టింది ఆ చివరి మాటే. తెలిసినంతవరకు చెప్పి, ఆ పైన నాకు చేతకాదు అన్న మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

తర్వాత ఆ నవలకు జవాబు చెప్పిస్తామని పెద్దలు విజయవాడ నుంచి ఒక ప్రసంగీకుణ్ణి పిలిపించారు. ఆయన పుస్తకం పైకెత్తి, "నేనిది చదవలేదు, చదవను కూడా!" అంటే చప్పట్లు మోగాయి. బైబిల్లో ఒకచోటికీ ఇంకోచోటికీ అణువంత తేడా లేదని నమ్మేవాళ్ళంతా చేతులెత్తమన్నాడు. గుడి నిండా చేతులు లేచాయి. కరుణమ్మ గారి చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"ఏం కరుణమ్మా, భుజం పట్టేసిందా?" అన్నాడొక పెద్ద. అందరూ నవ్వారు.

ఆవిడ లేచి నిలబడ్డారు. "భుజానికేం కాలేదండీ. దూత ఒకడని ఒకచోట, ఇద్దరని ఇంకోచోట ఈ ఆడవాళ్ళకి నేనే చదివి వినిపించాను. ఇప్పుడు తేడా లేదని వీళ్ళ ముందే చెయ్యెలా ఎత్తేది?"

పెద్దలు విచారణ పెట్టారు. నేను వెళ్ళి, ఆవిడ లేకపోతే నేను గుడి మానేసేవాణ్ణని చెప్పాను. "అంటే నువ్వూ చదివావన్నమాట, ఆవిడ అండతోనే" అన్నారు. నా సాక్ష్యం ఆవిడ మీద నేరంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు. ఉద్యోగం తీసేశారు. ప్రభు బల్ల నుంచి కూడా ఆపారు. అందరికీ రొట్టె, ద్రాక్షరసం అందుతుంటే ఆవిడ వెనక గోడ దగ్గర కూర్చోవాలి. ఆవిడ నోటి వెంట వాక్యం నేర్చుకున్న ఆడవాళ్ళే చెంగు సర్దుకుని ఆవిణ్ణి దాటుకుంటూ ముందుకెళ్ళేవారు. పాస్టరు గారు చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఒకసారి మెల్లగా అన్నారు: "ఒక్కసారి చెయ్యెత్తండమ్మా. అన్నీ మళ్ళీ మామూలైపోతాయి."

"నేను చెయ్యెత్తితే ఆ పేజీలు మారతాయా అయ్యగారూ?"

ఆ తర్వాత చల్లపల్లిలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయారు. అక్కడి సంఘం, కంకిపాడు పెద్దలు సరేనంటేనే బల్లకు రానిస్తామంది. మా పెద్దలు ఆ ఒక్క మాట చెప్పలేదు. నేను చూడటానికి వెళితే ఆవిడ దాని గురించి ఎత్తనేలేదు. "అక్కడ ఆడవాళ్ళకి ఎవరు చదువుతున్నారు?" అనడిగారు. ఎవరూ చదవడం లేదన్నాను. అప్పుడు ఏడ్చారు. ఆవిడ ఏడవగా నేను చూసింది అప్పుడే. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "ఆ నవల రాసినాయన నా దగ్గర్నుంచి ఏమీ తీసుకెళ్ళలేకపోయాడు నాయనా. మనవాళ్ళే తీసుకెళ్ళారు. అయినా వాళ్ళ కోసం ప్రార్థన చెయ్యడం మానకు" అన్నారు.

బల్ల అందకుండానే ఆవిడ పోయారు. ఆవిడ వల్ల నిలబడ్డ నమ్మకం నాలో ఇంకా ఉంది, రోజూ ప్రార్థన చేస్తాను. ఆ పెద్దల పేర్లు మాత్రం నోటికి రావు. వాళ్ళను దాటేసి ఆమెన్ అంటాను.