పలకరింపు వద్దన్న నాలుగు దినాలు

పల్లెల అభివృద్ధికని సర్కారు కొత్తగా బ్లాకులు పెట్టిన కాలంలో, గ్రామసేవికల శిక్షణలో ఒక డాక్టరమ్మ మాకు వారం రోజులు పాఠం చెప్పింది. ప్రమాదంలో గాయం తగలనివాణ్ని కూడా వెంటనే చూసుకోవాలని ఆమె దగ్గరే మొదటిసారి విన్నాను. కంబళి కప్పండి, వేడిగా తాగడానికివ్వండి, గుంపును పంపేయండి, జరిగింది అడగకండి. అన్నీ రాసుకుని కంఠతా పట్టాను. తర్వాతి ఏళ్ళలో పాఠం చెప్పే వంతు నాకొచ్చినప్పుడు, చివరి రెండూ మాత్రం నేను చెప్పలేదు. ఎందుకో చెప్తాను.

నన్ను వేసిన ఊళ్ళో అది వానల్లేని మూడో ఏడు. ఉన్న బావులనే లోతుకు తవ్వుతున్నారు. బండకు రంధ్రాలు కొట్టి, మందు దట్టించి, ఒత్తి ముట్టించి పైకొచ్చేవాళ్ళు. పేలుళ్ళు లెక్కపెట్టేవాడు అన్నీ పేలాయని చెప్పాకే మిగతావాళ్ళు దిగాలి. ఆ దినం లెక్కపెట్టినవాడు దిగమన్నాడు. దిగింది అతని బావ. పేలకుండా మిగిలిన ఒక రంధ్రం అప్పుడు పేలింది.

శవాన్ని బండి మీద విడపనకల్లు దిక్కున ఉన్న వాళ్ళ ఊరికి తీసుకుపోయారు. బతికినవాడు, ఆ లెక్కపెట్టినవాడు, ఒంటరి మనిషి. చెవులు దిమ్మెక్కి, ఏమీ వినపడక, తన గుడిసెలో గోడకానుకుని కూర్చున్నాడు. మా సీమలో ఇట్లాంటప్పుడు ఊరంతా పలకరింపుకు వస్తుంది. వచ్చిన ప్రతివాళ్ళూ "ఎట్ల జరిగిందప్పా?" అని అడుగుతారు. అతను మొదటినుంచీ చెప్పాలి, మళ్ళీ మళ్ళీ చెప్పాలి. పుండు మీద కారం చల్లడం కాకపోతే ఏమిటిది అని నాకు ఒళ్ళు మండింది. జనం వీధి మొగదలకు రాగానే ఎదురెళ్ళి, "మీకు బుద్ధుందా? వెనక్కి పోండి" అని తరిమేశాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, నోరు మాత్రం నలభై ఏళ్ళ మనిషిది. సర్కారు మనిషినని భయపడి ఎవరూ మళ్ళీ రాలేదు.

పక్కింటి దూదేకుల అవ్వ ఒక్కతే ఎదురు చెప్పింది. "వానిని ఒంటిగా ఇడ్సొద్దు తల్లీ."

"నాకు నేర్పినారవ్వా. నువ్వు పో," అన్నాను.

రెండు పూటలా వెళ్ళి చూసేదాన్ని. ఇచ్చిన గంజి తాగేవాడు, అడిగినదానికి తలూపేవాడు. రెండోనాటికి చెవులు వినపడ్డాయి. "ఊర్లో అందరూ బాగుండారా?" అన్నాడు. బాగున్నారన్నాను. మూడోనాడు గుడిసె ఊడ్చి, చొక్కా ఉతికి ఆరేసి, తన మేకను తీసుకెళ్ళి అవ్వ గుంజకు కట్టేశాడు. 'నెమ్మదించాడు' అని పుస్తకంలో రాసుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నాలుగోనాడు మధ్యాహ్నం గుడిసె ఖాళీగా ఉంది. అవ్వకు ఒక కేక వేసి బావి దగ్గరికి పరుగెత్తాను. కాళ్ళు లోపలికి వేలాడేసి అంచున కూర్చున్నాడు. నేర్చుకున్నదాంట్లో ఒక్క మాటా పనికిరాలేదు. నేను ఊరందరికీ వద్దన్న మాటే నోట్లోంచి వచ్చింది.

"ఎట్ల జరిగిందప్పా?"

అతను తిరగలేదు. "ఇన్ని దినాలకు అడిగితివా. చంపినోని ఇంటికి పలకరింపుకు ఎవురూ రారమ్మా. మా తాత కాలంలో ఒకనికి ఇట్లే చేసినారు. ఊరు నోరు తెరవకుండానే తీర్పు చెప్తాది. నాకూ చెప్పేసినారు."

"వాళ్ళను తరిమింది నేనే."

"నన్ను లేపేదానికి అబద్ధం చెప్తాండావు," అని ఇంకాస్త ముందుకు జరిగాడు. దగ్గరికి పోతే దూకుతాడని భయం, పోకపోయినా భయం.

ఇంతలో అవ్వ పదిమందిని వెంటబెట్టుకుని వచ్చింది. నావైపు చూడనైనా చూడలేదు. పోయి అతని వెనక నేల మీద చతికిలబడి, రెక్క పట్టుకుంది. "అడగల్లని నాలుగు దినాలుగా కాచుకోనుండాము. చెప్పప్పా."

బావిలోకే చూస్తూ అతను మొదలుపెట్టాడు. "ఆరు పెట్టినాము. ఆరూ పేలినాయని చెప్పింది నేనే. ఐదే పేలినాయి." ఎవరూ లేచిపోలేదు. వెనక కూర్చున్నవాళ్ళు మళ్ళీ అడిగారు, మళ్ళీ చెప్పాడు. మూడోసారి చెప్పేటప్పుడు కాళ్ళు పైకి తీసుకుని మావైపు తిరిగాడు.

చివరికి నన్ను చూసి, మెల్లగా అడిగాడు.

"రేపు గూడా వీళ్ళను రానిస్తావామ్మా?"