జయరావు గారి టబ్బు

గుంటూరు మిర్చి యార్డు వెనక వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు: అద్దెకున్న మహిమ, ఇంటి ఓనరు జయరావు స్నానానికి దిగిన టబ్బులో కారం కలిపిందట. ఒకరు గుప్పెడంటే ఇంకొకరు దోసెడంటారు.

జయరావు పొదిలి వైపు పొలం అమ్మి, ఇక్కడ నాలుగు వాటాల మేడ కొని, యార్డులో మిర్చి బేరాలు చేసే మనిషి. ఏదో పెళ్ళికి వెళ్ళి హోటల్లో దిగినప్పుడు బాత్‌టబ్ చూశాడు. చూసినవాడు చూసి ఊరుకోవచ్చు కదా. వాటాలు బాగుచేయిస్తున్నప్పుడు మేస్త్రీ "షవర్లు చాలండీ, బాత్‌రూము చిన్నది" అంటే, "షవర్లు హాస్టళ్ళకి పెట్టుకో. మనదో లెవెలు" అని నోరు మూయించాడు. కింది వాటాలో టబ్బు దించాక తలుపు సగమే తెరుచుకునేది. పక్కకి తిరిగి లోపలికి దూరితే నేరుగా టబ్బులో పడాలి. బకెట్ పెట్టుకోను జానెడు నేల మిగల్లేదు. అయినా వచ్చిన చుట్టాలందరికీ కాఫీ కంటే ముందు ఆ టబ్బు చూపించేవాడు. అది అద్దెకిచ్చిన ఇల్లన్న ఇంగితం కూడా లేదు.

ఆ వాటాలో అద్దెకున్న మహిమ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీస్తుంది. సాయంత్రానికి ఒళ్ళంతా ఘాటే. ఆ టబ్బులో నిలబడితే జారుతుంది, కూర్చుంటే మండుతుంది. అందుకని పెరట్లో కుళాయి దగ్గర పాత చీర అడ్డం కట్టుకుని, మేడ మీది కిటికీల వంక చూసుకుంటూ, కట్టుబట్టలతోనే నీళ్ళు పోసుకునేది. తలుపు వేసుకుని స్నానం చేయాలని తప్ప ఆమెకు ఇంకో కోరిక లేదు.

"టబ్బు తీసేసి షవరు పెట్టించండి జయరావు గారూ. ఒంటి మీది కారమంతా ఆ నీళ్ళలోనే తిరుగుతుందండి."

"మిర్చి గురించి నాకు చెబుతున్నావా అమ్మాయ్! వాడటం చేతకాక వంకలు. గీజర్ వేసి ఉంచు, సాయంత్రం నేనే చేసి చూపిస్తా."

"చెయ్యండి. ముందు కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వెళ్ళండి."

"మరి టబ్బున్నది ఎందుకంటా?"

సాయంత్రం యార్డు నుంచి తిన్నగా వచ్చాడు. పొద్దుటినుంచీ మిర్చి టిక్కీ బస్తాల్లో మోచేతుల దాకా దూర్చి, కాయలు విరిచి గింజలు చూసిన చేతులవి. భుజం మీద కొత్త తువ్వాలు. వేడినీళ్ళు నింపుకుని గొంతు దాకా మునిగాడు. మహిమ వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది.

"ఓరి నాయనో! మంట! కారం కలిపిందిరో!"

తువ్వాలు చుట్టుకుని పరుగెత్తబోయి, సగమే తెరుచుకునే తలుపులో ఇరుక్కున్నాడు. వీధి వీధంతా చూస్తుండగా బయటపడ్డాడు. మహిమ చేట కింద పెట్టకుండానే, "మజ్జిగ ఇమ్మంటారా, ఒంటికి పూసుకోను?" అంది.

వారం తిరక్కుండా టబ్బు లేచిపోయింది, షవరు వచ్చింది. "ఎందుకొచ్చిన గొడవరా, ఈసారి ఇంకేం కలుపుతుందో" అని జయరావు కనబడ్డవాడికల్లా చెప్పుకున్నాడు. మహిమ కాదనలేదు. ఆయన మాటను కాదనడానికి కూడా ఆయన మీద కాస్త గౌరవం ఉండాలి. సాయంత్రం ఇంటికి రాగానే తలుపు వేసుకుని స్నానం చేస్తోంది.

ఆ రోజు టబ్బులో ఎవరూ ఏమీ కలపలేదు. కారం జయరావు చేతులకే ఉంది.