పీర్ల చావిడి ముందు సైకిళ్ళు దిగిన రోజు

నా చిన్నప్పుడు ఒక ఏడాదంతా సైకిలు గంట వినబడితే చాలు, తలుపు వెనక దాక్కునేదాన్ని. మా తమ్ముడికి అదే గంట వింటే పండుగ, వీధిలోకి ఒక్క పరుగు తీసేవాడు. నేను పుట్టుపిరికిదాన్ని. దానికి తోడు మా ఇల్లు పీర్ల చావిడిని ఆనుకునే ఉండేది, అక్కడ గొడవంటూ జరిగితే ముందు వినబడేది మాకే.

కర్నూలు ఆంధ్రరాష్ట్రానికి రాజధాని అయిన కొత్త రోజులవి. ఆఫీసులకు కట్టడాలు చాలక గుడారాలు వేశారు. వాటిలో పనిచేయడానికి మద్రాసు నుంచీ కోస్తా జిల్లాల నుంచీ గుమాస్తాలు గుంపులుగా వచ్చి దిగారు. మావాళ్ళు వాళ్ళను గుడారాల దొరలని ఎగతాళి చేసేవారు. నిజానికి వాళ్ళకు దొరతనమేమీ లేదు పాపం. ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుని, పొద్దున్నే ఇస్త్రీ చొక్కాలు చెమటతో తడుపుకుంటూ ఆఫీసులకు సైకిళ్ళు తొక్కేవారు. మా సందు వాళ్ళకు దగ్గరి దారి.

మేము దూదేకులవాళ్ళం. మా తాత, మా మాటలో జేజినాయన, చావిడికి ముజావరు, అంటే పీర్లకు దీపం పెట్టి ఊదు వేసేది ఆయనే. పీర్ల పండుగ వచ్చిందంటే పదిరోజులూ వెండి పీర్లకు పట్టుబట్టలు కట్టి చావిడిలో నిలబెట్టేవారు, ఎదురుగా వీధిలో గుండం తవ్వి నిప్పు వేసేవారు. ఆ రోజుల్లో చావిడి ముందు ఎవరూ బండెక్కి పోయేవారు కాదు. ఏ కులంవాడైనా, ఏ మతంవాడైనా సరే. జట్కావాడు దిగి గుర్రాన్ని నడిపించుకుపోయేవాడు, శెట్లు చెప్పులు చేత్తో పట్టుకునేవారు. ఇది ఎవరూ చెప్పగా నేర్చుకున్నది కాదు, ఉగ్గుపాలతో వచ్చింది. అందుకే కొత్తగా వచ్చినవాళ్ళకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. వాళ్ళ కంటికి అది సున్నం కొట్టిన ఒక గది, అంతే.

గుండం తవ్విన మరునాడు జేజినాయన ఊదు గిన్నె పట్టుకుని బయటికి వస్తున్నాడు. ఒక పడుచు గుమాస్తా గంట కొడుతూ జోరుగా వచ్చాడు. ఆయనను తప్పించబోయి సైకిలును గుండం అంచుకు తిప్పాడు. మట్టిపెళ్ళలు విరిగి గుండంలో పడ్డాయి. మా చిన్నాయన ఒక్క ఉదుటున వెళ్ళి సైకిలు వెనక పట్టి లాగాడు. ఆ అబ్బాయి కింద పడ్డాడు, చొక్కా చెయ్యి చిరిగింది, అన్నం క్యారియరు మూత ఊడి పెరుగన్నం మట్టిపాలయింది. ఇది సర్కారు రోడ్డు, మీ ఇంటి వసారా కాదని అతను అన్నాడు. పీర్ల ముందర ఏ సర్కారూ లేదని చిన్నాయన అన్నాడు. సాయంత్రానికి కబురు వచ్చింది. రేపు గుమాస్తాలందరూ ఒక్కటిగా, సైకిళ్ళు దిగకుండా ఈ సందులోంచే పోతారట, ఆపేవాడెవడో చూస్తారట.

దాని వెనకే పోలీసు జవాను వచ్చి, ఎవరి తల పగిలినా ముందు చిన్నాయననే జైల్లో వేస్తామని చెప్పి పోయాడు. అప్పుడు మా చిన్నమ్మకు నెలలు నిండాయి, నేడో రేపో కాన్పు. ఆమె గోడకు ఒరిగి కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ ఉండిపోయింది. మా నాయన తమ్ముడి గడ్డం పట్టుకుని బతిమాలాడు. చిన్నాయన వినలేదు. దూదేకే వింటిని కొట్టే కొయ్యగుండు తీసి తలగడ పక్కన పెట్టుకున్నాడు. అది చూసి నాకు అన్నం దిగలేదు. ఆ కొయ్య రేపు ఎవరి తల మీద పడుతుందో, మా చిన్నాయన బిడ్డ మొహం చూస్తాడో లేదో అని ఏవేవో ఊహించుకుని బిక్కచచ్చిపోయాను.

జేజి, అదే మా నాయనమ్మ, మాత్రం ఇంట్లో బెల్లం ఎంత ఉందని మా అమ్మను అడిగింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు, అని అమ్మ నోట్లోనే గొణుక్కుంది.

తెల్లారి నేను లేచేసరికి జేజి రోట్లో బెల్లం దంచుతోంది. అప్పటికే ఎదురింటి శెట్టెమ్మను లేపి వాళ్ళ బావి నీళ్ళు తోడించి, వాళ్ళ ఇత్తడి బిందెలే తెప్పించింది. మా నీళ్ళు, మా కుండలు అయితే ఆ గుమాస్తాల్లో కొందరు ముట్టరని ఆమెకు తెలుసు. పానకం కలిపి, మిరియాలూ శొంఠీ వేసి, బిందెలను చావిడికి కాస్త ముందుగా సందు మొదట్లో పెట్టించింది. గ్లాసులు పెట్టలేదు. గ్లాసులు తేనా అని అమ్మ అడిగితే వద్దంది.

ఆఫీసుల వేళయింది. సందు బయట గంటలన్నీ ఒక్కసారే మోగాయి. చావిడి గోడ వెనక చిన్నాయన, అతని స్నేహితులు నిలబడి ఉన్నారు. కొయ్యగుండు అతని చేతిలోనే ఉంది. నేను జేజి కొంగు పట్టుకుని వదల్లేదు.

"రేయ్, ఈ బిందె నాతో ఎత్తేకి కాలేదు, వచ్చి పట్టు," అని జేజి చిన్నాయనను పిలిచింది.

కన్నతల్లి బరువెత్తలేక పిలిస్తే రానని ఎట్లా అంటాడు? కొయ్య గోడకు ఆనించి వచ్చాడు. బిందె అతని చేతుల్లో పెట్టి, ఆమె సందుకు అడ్డంగా నిలబడింది. సైకిళ్ళు ఆగాయి. అన్నిటికీ ముందు నిన్న పడిన అబ్బాయే ఉన్నాడు, చిరిగిన చొక్కా చేతిని కుట్టుకుని దాన్నే తొడుక్కున్నాడు.

"ఎండలో పోతాండారు, రోంత పానకం తాగి పోండి. దోసిలి పట్టు నాయనా," అంది జేజి.

అతను చిన్నాయన వైపు చూశాడు. చిన్నాయన అతని వైపు చూశాడు. ఇక అయిపోయింది, కొట్టుకుంటారనుకున్నాను. జేజి పక్కకు జరగలేదు. కొంతసేపటికి ఆ అబ్బాయి సైకిలు దిగి, స్టాండు వేసి, వంగి దోసిలి పట్టాడు. చిన్నాయన బిందె వంచాడు. కొట్టాలని వచ్చినవాడి రెండు చేతులూ బిందెకు అంటుకుపోయాయి, తెగించి వచ్చినవాడి రెండు చేతులూ పానకంతో నిండిపోయాయి. జేజి గ్లాసులు ఎందుకు వద్దందో నాకు అప్పుడు తెలిసింది.

అతను తాగి, మళ్ళీ దోసిలి పట్టాడు. వెనకవాళ్ళు ఒక్కొక్కరే దిగారు. బిందెలు శెట్టెమ్మవే అయినా మాకు వద్దని ఇద్దరు పెద్దమనుషులు దూరంగా ఆగారు. కానీ సందంతా సైకిళ్ళతో నిండిపోతే వాళ్ళు మాత్రం ఎక్కి ఎట్లా పోతారు? వాళ్ళూ దిగి నడవక తప్పలేదు. ఆ గదిలో ఏముందని ఆ అబ్బాయి అడిగితే, పీర్లున్నాయని జేజి చెప్పింది.

"ఈడ ఎవురైనా దిగే పోతాం నాయనా. మీకు ముందే చెప్పల్ల. చెప్పంది మా తప్పు."

"మాకు తెలియదండీ మామ్మగారూ," అన్నాడు అతను. సైకిలు నడిపించుకుంటూ చావిడి దాటేదాకా పోయి, అప్పుడు ఎక్కాడు.

అందరూ ఒక్కరోజులో మారిపోయారని చెప్పను. కొందరు ఆ పండుగ అయ్యేదాకా చుట్టుదారిన పోయారు, మావాళ్ళలోనూ కొందరు మూతులు ముడుచుకునే ఉన్నారు. కానీ ఎవరి తలా పగల్లేదు. చిన్నమ్మకు నొప్పులు వచ్చిన రోజు చిన్నాయన గడప దగ్గరే కూర్చుని ఉన్నాడు, ఆడబిడ్డను అందరికంటే ముందు ఎత్తుకున్నది అతనే.

ఆ ఉదయం సైకిళ్ళన్నీ పోయాక జేజి అరుగు మీద కూలబడింది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే ఆ చెయ్యి గజగజా వణుకుతోంది. నేను నివ్వెరపోయాను. నీకూ భయమయిందా జేజీ అని అడిగాను.

"కాకేమి పాపా, శానా అయింది. భయమయినాదనే కదా అందరికంటే ముందు లేసింది," అంది.

ఆ జేజి పోయి ఎన్నో ఏళ్ళయింది. నాకు ఇప్పుడు ఆమె వయసు కూడా దాటింది. పిరికితనం మాత్రం నన్ను వదల్లేదు. మనవడు ఇంటికి రావడం ఆలస్యమైతే వాకిట్లోనే నిలబడతాను, ఇంట్లో ఇద్దరు గట్టిగా మాట్లాడుకుంటే ఒళ్ళు చల్లబడుతుంది. మా కొడుకులిద్దరూ పొలం పంపకాల దగ్గర మాటా మాటా అనుకుని విడిపోయిన రాత్రి కూడా అంతే, కన్ను మూతపడలేదు. తెల్లవారకముందే లేచి పొయ్యి వెలిగించి, ఇద్దరికీ ఇష్టమైన బొరుగుల ఉగ్గాని చేసి, ఇద్దరినీ తినడానికి రమ్మని కబురు పంపాను. చేసేటప్పుడు నా చెయ్యి వణుకుతూనే ఉంది. వణికే చేత్తోనే చేశాను.