అమ్మ మానలేదు, నేనే మాన్పించాను

పోయిన నెల హనుమకొండలో చిన్న భాషల గురించి ఏదో సభ ఉంటే, చెల్లె బలవంతం మీద వెళ్లాను. శాలువా కప్పుకున్న ఒక పెద్దమనిషి, స్పెయిన్ దేశంలో కాటలాన్ అనే భాషను బడిలోనూ సర్కారు కచేరీలోనూ మాట్లాడనివ్వని రోజుల్లో కూడా తల్లులు ఇంట్లో పిల్లలతో మాట్లాడి దాన్ని కాపాడుకున్నారని చెప్పి, మన కోయ తల్లులకే ఆ పట్టుదల లేకపోయిందని తేల్చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చెల్లె కూడా కొట్టింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, "నిజమే కదన్నా, అమ్మ నాకు ఒక్క మాటన్న నేర్పలే. నాతోని నోరిప్పిందే తక్కువ. నేనంటే ఇష్టం లేకుండె" అంది. ఆ పెద్దమనిషి మీద నాకు ఒళ్లు మండింది గానీ, అమ్మకు ఆ చెడ్డపేరు తెచ్చింది ఆయన కాదు.

ఎనభైల చివర్లో నాయన పోయాక, కొత్తగా గుమాస్తా ఉద్యోగంలో చేరిన నేను, ఏటూరునాగారం అవతల ఉన్న మా ఊరి నుంచి అమ్మనూ, నాలుగేళ్ల చెల్లెనూ తీసుకొచ్చి హసన్‌పర్తిలో ఒక గది అద్దెకు పట్టాను. మేం కోయవాళ్లమని ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో అడవి మనుషుల మీద జోకులు వేస్తే అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. అమ్మ మాత్రం పొయ్యి దగ్గర కూర్చున్నా, పిల్ల తల దువ్వుతున్నా, మా భాషలోనే ఏదో ఒకటి పాటలాగా చెబుతూనే ఉండేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం చెల్లె ఇంటి ఓనరమ్మ గుమ్మంలో నిలబడి ఏరు కావాలంది. మా భాషలో ఏరంటే నీళ్లు. ఓనరమ్మ పకపకా నవ్వి, "ఏరు గావాల్నా? మా ఇంట్ల ఏరు పారుతాందా బిడ్డా? పో, చెరువు కాడికి పోయి కడుపు నిండ తాగు" అంది. పిల్ల నోరెండి ఏడుస్తూ తిరిగొచ్చింది. గది ఖాళీ చెయ్యమంటారేమోనని ఓనరమ్మను నేను పల్లెత్తు మాట అనలేదు. ఆ కోపమంతా అమ్మ మీద కక్కాను. "ఇగ ఆ అడవి మాటలు బంద్ చెయ్యి. మల్ల ఒక్కసారి పిల్ల ముంగట మాట్లాడినవంటే, దాన్ని తీస్కపోయి హాస్టల్ల పడేస్త."

అంగట్లో ఉప్పు కొనేంత తెలుగే తనకు వచ్చనీ, దాంతో పిల్లను ఎట్లా ముద్దు చెయ్యాలనీ అమ్మ మా భాషలోనే అడిగింది. అయితే చెయ్యకు అని నేను తెలుగులో చెప్పాను.

ఆ తర్వాత అమ్మ పిల్లకు అన్నం పెట్టేది, జడ వేసేది, జ్వరమొస్తే తెల్లవార్లూ ఒళ్లో పెట్టుకునేది, అన్నీ నోరు మూసుకునే. పిల్లను దూరం చేస్తానన్న బెదిరింపు అంత పని చేసింది. చెల్లె ఆ మౌనాన్ని అయిష్టమనుకుంటూ పెరిగింది. అమ్మ పోయేదాకా నేను ఆమెను మాట్లాడమని ఒక్కనాడూ అనలేదు.

సభ అయిన నాలుగు రోజులకు చెల్లెకు ఇదంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. నేను మాన్పించకముందు అమ్మ తనను ఏమని పిలిచేదని మాత్రం అడిగింది.

ఇప్పుడు మా భాషకు వేదికలున్నాయి, మైకులున్నాయి, మేం కోయవాళ్లమని చెబితే నవ్వేవాళ్లు తగ్గారు, నా భయం కూడా ఎప్పుడో పోయింది. పొద్దున్నే పిల్లను లేపుతూ అమ్మ సాగదీసి పిలిచే ముద్దుపేరొకటి ఉండేది. ఆ గొంతు యాదికొస్తుంది. ఆ పేరు రావడం లేదు.